ఇంటికి హై పవర్ గ్యాస్ రేంజ్ కొనేముందు: నాలుగు దారులు, వాటి లాభనష్టాలు

పెద్ద మంట కావాలని మనసు పడ్డవాళ్లు మొదట చూసేది బర్నర్ ఎదురుగా రాసి ఉండే బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అంకె. 18,000 ఉంటే బాగుందనిపిస్తుంది, 22,000 ఉంటే ఇంకా బాగుందనిపిస్తుంది. హోటల్ స్టవ్‌లో ఒక్కో బర్నర్ 30,000 ఇస్తుందని తెలిశాక ఇక ఇంటి మోడళ్లేవీ కంటికి ఆనవు. నిజానికి ఆ అంకె బర్నర్ గంటకు ఎంత గ్యాస్ కాలుస్తుందో చెబుతుంది, అంతవరకే. అందులో గిన్నెకు చేరేదెంత, పక్కల నుంచి పోయేదెంత, ఆ వేడీ పొగా ఇంట్లోంచి ఎలా బయటపడాలి అన్న లెక్క కొనేవాళ్లే వేసుకోవాలి.

నన్నడిగితే స్టవ్‌ని ఆఖర్న చూడాలంటాను. ముందు చిమ్నీ, తర్వాత గ్యాస్ లైను. ఆ రెండూ ఎంతవరకు తట్టుకుంటాయో తేలాకే స్టవ్.

పెద్ద మంట కోసం ఇళ్లలో వెళ్లే దారులు ముఖ్యంగా నాలుగు. రేంజ్ అంటే పైన బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఉండే స్టవ్. ఇంటి కోసమే చేసిన, బర్నర్ చుట్టూ రేకు మూసి ఉండే సీల్డ్ బర్నర్ రేంజ్ ఒకటి. ఇంటి కోసమే చేసినా హోటల్ స్టవ్ పోలికలుండే ఓపెన్ బర్నర్ రేంజ్ రెండోది. అసలు సిసలు కమర్షియల్ రేంజ్‌నే తెచ్చి వంటగదిలో పెట్టుకోవడం మూడోది. లోపల మామూలు స్టవ్ ఉంచుకుని, ఆరుబయట ఒక హై ప్రెషర్ బర్నర్ పెట్టుకోవడం నాలుగోది.

## ఎంత మంటకు ఎంత పని

గంటకు 3,412 బీటీయూ అంటే ఒక కిలోవాట్. మామూలు ఇంటి బర్నర్లు 5,000 నుంచి 12,000 బీటీయూ మధ్య ఉంటాయి, అంటే ఒకటిన్నర నుంచి మూడున్నర కిలోవాట్లు. హై పవర్ అని అమ్మే ఇంటి రేంజ్‌లలో పెద్ద బర్నర్ 15,000 నుంచి 25,000 దాకా ఇస్తుంది. హోటల్ రేంజ్‌లో ఒక్కోటి 30,000 దరిదాపుల్లో ఉంటుంది. హోటళ్లలో వోక్ (చైనీస్ కడాయి) కోసం ప్రత్యేకంగా చేసే పొయ్యిలు లక్ష కూడా దాటతాయి.

తేడా చేతికి ఎలా తెలుస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఐదు లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవాలి. మంటలో సగం వేడి గిన్నెకు చేరిందనుకుందాం. 3 కిలోవాట్ల మామూలు బర్నర్ మీద 17 నిమిషాలు పడుతుంది. 18,000 బీటీయూ బర్నర్ మీద 10 నిమిషాలు. 30,000 మీద 6 నిమిషాలు రావాలి గానీ, అది కాగితం మీద మాట. మంట వెడల్పయ్యే కొద్దీ గిన్నె అంచులు దాటి పక్కలకు పోతుంది, గిన్నెకు అందే వాటా తగ్గుతుంది. చిన్న గిన్నె పెట్టి పెద్ద బర్నర్ వెలిగిస్తే కాగేది గిన్నె పిడే.

ఇక్కడే ఒక పక్క మాట. మీ అసలు అవసరం నీళ్లు త్వరగా మరగడమే అయితే గ్యాస్‌ వైపు చూడనక్కర్లేదు. 3.7 కిలోవాట్ల ఇండక్షన్ జోన్‌లో 85 శాతం దాకా వేడి గిన్నెకు చేరుతుంది. అదే ఐదు లీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో మరుగుతాయి, 18,000 బీటీయూ గ్యాస్ కంటే ముందే. పెద్ద గ్యాస్ మంట విలువ తెలిసేది వేరే పనుల్లో: కడాయి ఎత్తి ఎగరేస్తూ వేయించడం, గుండ్రటి అడుగున్న పాత్రలు, మంట మీద నేరుగా కాల్చడం, చల్లటి పదార్థం ఒక్కసారిగా పడినా కడాయి వేడి పడిపోకపోవడం. వీటిలో ఏదీ మీ వంటింట్లో తరచుగా జరగకపోతే మిగతా వ్యాసం సరదాకి చదవండి.

## చిమ్నీ

హై పవర్ స్టవ్ అంటే సగం స్టవ్, సగం చిమ్నీ. విడివిడిగా కొనొచ్చు, విడివిడిగా ఆలోచించకూడదు.

సాధారణంగా వాడే లెక్క ఇది: బర్నర్లన్నీ కలిపి ప్రతి 10,000 బీటీయూకి చిమ్నీ నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి లాగాలి. గంటకు సుమారు 170 ఘనపు మీటర్లన్నమాట. మొత్తం 60,000 బీటీయూ రేంజ్‌కి 600 ఘనపుటడుగులు కావాలి. ఆరు బర్నర్లు, ఓవెన్ ఉన్న కమర్షియల్ రేంజ్ మొత్తం రెండు లక్షలు దాటుతుంది, దానికి 2,000 పైనే కావాలి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తున్న వంటగదిలో గాలి మొత్తం నిమిషం తిరిగేలోపు బయటికి పోయేంత వేగం అది.

బయటికి పోయిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి కదా. కిటికీలన్నీ బిగించి ఉంటే ఇంట్లో ఒత్తిడి తగ్గి, గ్యాస్ గీజర్ గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ వెనక్కి ఇంట్లోకి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. కాబట్టి పెద్ద చిమ్నీ పెడితే లోపలికి గాలి వచ్చే దారి కూడా అదే రోజు పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పనిసరి.

గొట్టం బయటికి లేకుండా గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీలున్నాయి. జిడ్డు, వాసన కొంత పట్టుకుంటాయి. కార్బన్ మోనాక్సైడ్, తేమ ఎక్కడికీ పోవు. నీలం మంట ఎంత శుభ్రంగా కనిపించినా నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతూనే ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదది. హై పవర్ స్టవ్ మీద అలాంటి చిమ్నీ పెట్టడం దండగ. అన్నట్టు, వెనక వరస బర్నర్ల పొగని చిమ్నీ బాగా పట్టుకుంటుంది, ముందు వరస పొగ సగం తప్పించుకుంటుంది. అందుకే కొనేటప్పుడు పెద్ద బర్నర్ ఎక్కడుందో చూడండి. చాలా మోడళ్లలో చేతికి దగ్గరని ముందు పెడతారు. అప్పుడు చిమ్నీ స్టవ్ కంటే వెడల్పుగా, ముందుకి వచ్చేలా ఉండాలి.

## గ్యాస్ లైను

పైప్ గ్యాస్ అయితే మీటరు, పైపు వ్యాసం, పొడవు, వంపులు అన్నీ కలిసి ఎంత గ్యాస్ అందుతుందో తేలుస్తాయి. ఇంటి స్టవ్‌లకు సాధారణంగా అరంగుళం పైపు వస్తుంది, కమర్షియల్ రేంజ్‌కి ముప్పావు అంగుళం అడుగుతారు. చాలని పైపుకి పెద్ద స్టవ్ తగిలిస్తే విడివిడిగా బర్నర్లన్నీ బాగానే మండుతాయి, నాలుగూ వెలిగించినప్పుడు నీరసపడతాయి.

సిలిండర్ అయితే ఇంకో చిక్కు. లోపల ద్రవంగా ఉన్న ఎల్పీజీ ఆవిరైతేనే మంటకు అందుతుంది, ఆవిరవడానికి వేడిని సిలిండర్ గోడల నుంచి లాక్కుంటుంది. 18,000 బీటీయూ బర్నర్ ఫుల్‌లో గంట మండితే సుమారు 400 గ్రాములు. అది ఫర్వాలేదు. కమర్షియల్ రేంజ్ మొత్తం వెలిగిస్తే గంటకు నాలుగున్నర కిలోలకు పైనే. అంత వేగంగా చిన్న సిలిండర్ ఆవిరి ఇవ్వలేదు. బయట చెమట పడుతుంది, తర్వాత మంచు కడుతుంది, మంట కుంగుతుంది. లోపల గ్యాస్ ఉండగానే అయిపోయిందనుకుంటాం.

స్టవ్ ఏ గ్యాస్‌కి బిగించి ఉందో డబ్బా మీద చూసుకోండి. గ్యాస్‌ని బర్నర్‌లోకి వదిలే చిన్న ముక్కని జెట్ అంటారు. ఎల్పీజీ జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది, పైప్ గ్యాస్ జెట్ రంధ్రం పెద్దగా ఉంటుంది. పైప్ గ్యాస్ జెట్‌తో ఎల్పీజీ వెలిగిస్తే పసుపు మంట ఎగిసి మసి కొడుతుంది. జెట్‌లు మార్చడం, ఒత్తిడి సరిచేయడం మెకానిక్ పని. ఇంకొకటి: పైప్ గ్యాస్ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. ఎల్పీజీ బరువు, లీకైతే నేలని పట్టుకుని పాకి పల్లంలో చేరుతుంది. నేలమాళిగలోనో, పక్కనే గుంట ఉన్న చోటో సిలిండర్ పెట్టకూడదనేది అందుకే.

## నాలుగూ పక్కపక్కన

| చూడాల్సింది | సీల్డ్ బర్నర్ | ఓపెన్ బర్నర్ | కమర్షియల్ రేంజ్ | ఆరుబయట హై ప్రెషర్ |
|---|---|---|---|---|
| పెద్ద బర్నర్ శక్తి (బీటీయూ) | 15,000–22,000 | 15,000–25,000 | 30,000 దరిదాపుల్లో | 30,000 నుంచి లక్ష పైదాకా |
| సిమ్ | బాగా తగ్గుతుంది | మోడల్‌ని బట్టి | కష్టం | దాదాపు లేదు |
| చిమ్నీ | పెద్దదే కావాలి | పెద్దదే కావాలి | హోటల్ స్థాయి | అక్కర్లేదు |
| చుట్టూ ఖాళీ | క్యాబినెట్ల మధ్య ఇముడుతుంది | ఇముడుతుంది | గోడకు, చెక్కకు దూరం తప్పదు | తెరిచి ఉన్న చోటే |
| తుడవడం | తేలిక | ట్రే లాగి కడగాలి | విప్పి కడగాలి | తేలిక, కానీ తుప్పు |

## సీల్డ్ బర్నర్: చాలామందికి చాలినది

బర్నర్ చుట్టూ రేకు మూసి ఉంటుంది, పొంగినదంతా పైనే ఆగుతుంది. గుడ్డ పెట్టి తుడిస్తే అయిపోయింది. మంట బర్నర్ మూత అంచుల నుంచి పక్కలకు వస్తుంది కాబట్టి పెద్ద బర్నర్ మీద పల్చటి గిన్నె పెడితే నడుమ చల్లగా, చుట్టూ వలయంలా వేడిగా ఉంటుంది. మందపాటి అడుగున్న పాత్రలుంటే ఇది ఇబ్బంది కాదు.

ఈ రకంలో నేను ముఖ్యంగా చూడమనేది పెద్ద మంటని కాదు, చిన్న మంటని. ఫుల్ మంట వాడేది రోజులో కొద్ది నిమిషాలు. సిమ్‌లో ఉండేది గంటలు. రెండు వరసల రంధ్రాలుండి, లోపలి చిన్న వరస విడిగా మండే బర్నర్లు 1,000 బీటీయూ లోపుకు కూడా దిగుతాయి. కొన్ని కంపెనీలు మంటని అంత సన్నగా చేయలేక, కొన్ని సెకన్లు ఆర్పి మళ్లీ వెలిగించే పద్ధతి పెడతాయి. పని చేస్తుంది, కానీ టిక్ టిక్ మని ఆ చప్పుడు ప్రతి నిమిషం వినాలి. షోరూమ్‌లో వెలిగించి చూపించమంటే పెద్ద మంట చూపిస్తారు. మీరు సిమ్ చూపించమనండి.

ఆరు బర్నర్లూ పెద్దవే ఉన్న మోడల్ కంటే ఒక్క పెద్ద బర్నర్, రెండు మధ్యస్థం, ఒకటి సన్నది ఉన్నదే ఇంటికి పనికొస్తుంది. రెండు కడాయిలు ఒకేసారి ఫుల్ మంట మీద ఎగరేసే చేతులు ఇంట్లో ఎంతమందికుంటాయి? మిగిలిన డబ్బు చిమ్నీకి పెట్టండి.

## ఓపెన్ బర్నర్

బర్నర్ చుట్టూ ఖాళీ ఉంటుంది, కింద నుంచి గాలి అందుతుంది, మంట నేరుగా పైకి లేచి అడుగంతా పట్టుకుంటుంది. కడాయితో చేసే పనులకు ఇదే బాగుంటుందని చాలామంది వంటవాళ్ల మాట, నాదీ అదే. భాగాలన్నీ చేత్తో ఊడి వస్తాయి, రిపేరు తేలిక. మూల్యం చెల్లించేది తుడిచేటప్పుడు: పొంగినది, చిందినది అంతా కింద ట్రేలోకి పోతుంది. కంటికి కనబడదు కాబట్టి మరిచిపోతాం. ఆ జిడ్డు ఎండి ఒక రోజు అంటుకుంటుంది. వారానికోసారి ట్రే లాగే ఓపిక ఉంటేనే ఇది తీసుకోండి.

## కమర్షియల్ రేంజ్: మనసు లాగుతుంది, వద్దు

పాతది తక్కువకు దొరుకుతుంది, ఇనుములా ఉంటుంది, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. ఇవన్నీ నిజాలే. అయినా వద్దనడానికి కారణాలున్నాయి.

హోటల్ వంటగది గోడలు, నేల మంటకు తట్టుకునేవిగా కడతారు. ఆ స్టవ్‌ని ఆ గదిని దృష్టిలో పెట్టుకునే చేస్తారు. పక్కల, వెనక వేడి ఆపే పొర తక్కువ. ఓవెన్ తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, పిల్లలున్న ఇంట్లో అదొక నిత్యం టెన్షన్. దాన్ని చెక్క క్యాబినెట్ పక్కన పెడితే మొదటి రోజు ఏమీ కాదు. కానీ ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క లోలోపల మారిపోయి, మామూలు కంటే తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. పైన టైల్స్ అతికించినంత మాత్రాన వెనకున్న చెక్కకు రక్షణ రాదు, టైల్ వేడిని అటు చేరవేస్తుంది.

చాలా మోడళ్లలో పైలట్ మంట (బర్నర్లను అంటించే చిన్న మంట) ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. వంట ఉన్నా లేకున్నా గ్యాస్ పోతుంది, గది వేడెక్కుతుంది. వంట గట్టు లోతు కంటే స్టవ్ లోతు ఎక్కువ, ముందుకి పొడుచుకొస్తుంది. బరువు రెండు వందల కిలోలు దాటడం మామూలే. ఇక కాగితాల సంగతి: ఇంట్లో బిగిస్తే వారంటీ వర్తించదని తయారీదారులు రాస్తారు, చాలాచోట్ల నిర్మాణ నిబంధనలు ఒప్పుకోవు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ ఒక్క సాకు చాలు.

ఇంటి నుంచే ఫుడ్ బిజినెస్ చేస్తూ, మంటకు తట్టుకునే గోడలతో విడిగా వంటశాల కట్టుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఇదే సరైనది.

## ఆరుబయట హై ప్రెషర్ బర్నర్

ఇంటి ఎల్పీజీ రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ ఒత్తిడి ఇస్తుంది. హై ప్రెషర్ రెగ్యులేటర్ అర బార్ నుంచి రెండు బార్ దాకా ఇస్తుంది. ఆ తేడాతోనే చిన్న బర్నర్ కూడా అంత రొద చేస్తూ మండుతుంది. పెద్ద కడాయి, పెద్ద గుండిగ, చాలామందికి వంట లాంటి పనులకి నాలుగింటిలో ఖర్చు తక్కువ, మంట ఎక్కువ ఉన్నది ఇదే. చిమ్నీ గొడవ లేదు, ఇంట్లో జిడ్డు పేరుకోదు.

షరతులు మాత్రం గట్టివి. వంటగదిలోకి, గ్యారేజీలోకి, అద్దాలు మూసిన బాల్కనీలోకి తేవద్దు. వీటిలో చాలావాటికి మంట ఆరిపోతే గ్యాస్ ఆపే ఏర్పాటు ఉండదు, గాలికి ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. అందుకే వదిలేసి లోపలికి వెళ్లకూడదు. మామూలు స్టవ్ రబ్బరు గొట్టం తగిలించకూడదు, హై ప్రెషర్‌కి చేసిన గొట్టమే వాడాలి.

కొన్నాళ్లు వాడకుండా పెట్టి తీస్తే ముందు వెంచురీ గొట్టంలోకి చూడండి. గ్యాస్, గాలి కలిసే ఆ సన్నటి దారి సాలీళ్లకి ఇష్టమైన చోటు. గూడు అడ్డుపడితే గ్యాస్ వెనక్కి తన్ని మంట బర్నర్ పైన కాకుండా కింద, నాబ్ దగ్గర మండుతుంది. పొడవాటి బ్రష్ ఒకటి దూర్చి లాగితే సరిపోతుంది.

## కొన్నాక చూసుకోవాల్సినవి

మంట రంగు చూస్తే స్టవ్ ఆరోగ్యం తెలుస్తుంది. పదునైన నీలం ఉంటే బాగున్నట్టు. కొసలు పసుపెక్కి గిన్నె అడుగున మసి పడుతుంటే గాలి చాలడం లేదు, లేదా రంధ్రాలు మూసుకున్నాయి. మంట బర్నర్ నుంచి ఎగిరి గాల్లో నిలబడుతుంటే గాలి ఎక్కువైంది.

రంధ్రాలు శుభ్రం చేయడానికి సన్నటి తీగో, పిన్నీసో వాడండి. టూత్‌పిక్ లోపల విరిగి కూర్చుంటుంది. డ్రిల్ పెడితే రంధ్రం పెద్దదై మంట శాశ్వతంగా పాడవుతుంది. అల్యూమినియం బర్నర్ ముక్కల్ని డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడి పొడి రాలుతుంది. ఇత్తడి బర్నర్ ఎక్కువ కాలం వస్తుంది. పైన గిన్నె కూర్చునే పోత ఇనుప చట్రాల్ని కడిగిన వెంటనే ఆరబెట్టాలి.

స్టవ్ ఆర్పినా టిక్ టిక్ ఆగకపోతే కంగారు పడొద్దు. స్విచ్‌లోకో స్పార్క్ దగ్గరకో తడి వెళ్లి ఉంటుంది, ఆరితే ఆగుతుంది. నాబ్ వదలగానే మంట ఆరిపోతుంటే చాలాసార్లు తప్పు థర్మోకపుల్ (మంట ఉందో లేదో పసిగట్టే చిన్న కడ్డీ) కొనది: జిడ్డు పట్టి మంట వేడి దానికి అందదు. మెత్తగా తుడిచి చూడండి.

గ్యాస్ ఓవెన్ సంగతి కాస్త తమాషాగా ఉంటుంది. గ్లో ఇగ్నైటర్ (కరెంటుతో కాగి గ్యాస్‌ని అంటించే భాగం) ఉన్న వాటిలో అది ఎర్రగా కాగి, తగినంత కరెంటు లాగితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. పాతబడ్డ ఇగ్నైటర్ కంటికి బాగానే వెలుగుతుంది, కరెంటు మాత్రం తక్కువ లాగుతుంది. అప్పుడు ఓవెన్ వెలగడానికి చాలాసేపు పడుతుంది, వెలిగే ముందు గ్యాస్ వాసన వస్తుంది. వెలుగుతోంది కదా అని ఇగ్నైటర్‌ని వదిలేసి వాల్వ్ మార్చేవాళ్లున్నారు. ముందు ఇగ్నైటర్ లాగే కరెంటు కొలవమనండి, ఆ తర్వాతే వాల్వ్ జోలికి పోవాలి.

లీకు అనుమానం వస్తే సబ్బునీళ్లు. జాయింట్ దగ్గర బుడగ లేస్తే మెయిన్ వాల్వ్ కట్టేసి మెకానిక్‌ని పిలవడమే. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకండి.

## ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్‌లో ఉండి, చిమ్నీ గొట్టం వ్యాసం మార్చే వీలు లేనివాళ్లు 15,000 దాటని ఒక్క పెద్ద బర్నరున్న సీల్డ్ స్టవ్ దగ్గర ఆగడం మంచిది. అద్దె ఇల్లయితే గ్యాస్ లైను, గోడలు తవ్వే పని పెట్టుకోకుండా మామూలు స్టవ్‌తో సరిపెట్టుకోండి. పెరడు ఉంటే బయటి బర్నర్ కూడా మీకు అందుబాటులో ఉన్నట్టే.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్ల చేతిలో అన్నీ ఉన్నాయి. స్టవ్ ఏదో తేల్చుకోకపోయినా ముప్పావు అంగుళం గ్యాస్ పైపు, వెడల్పాటి చిమ్నీ గొట్టం, గాలి వచ్చే దారి ఇప్పుడే పెట్టించండి. స్టవ్ ఎప్పుడైనా మార్చొచ్చు, గోడలో పైపు మార్చడం కష్టం. రోజూ కడాయి ఎగరేసేవాళ్లు, శుభ్రం విషయంలో బద్ధకించనివాళ్లు అప్పుడు ఓపెన్ బర్నర్ గురించి ఆలోచించొచ్చు. బేకింగ్ ఎక్కువ చేసేవాళ్లు పైన గ్యాస్, కింద కరెంటు ఓవెన్ ఉన్న మోడల్ చూడండి, లోపల వేడి సమంగా ఉంటుంది.

ఏది కొన్నా, బిగించిన రోజు మెకానిక్ వెళ్లకముందే ఒక పని చేయించండి. బర్నర్లన్నీ, ఓవెన్‌తో సహా, ఒకేసారి ఫుల్‌లో వెలిగించి పది నిమిషాలు ఉంచండి. గీజర్ కూడా ఆన్ చేయండి, చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో పెట్టండి, కిటికీలు మూయండి. మంటలు కుంగితే పైపో రెగ్యులేటరో చాలట్లేదు. గీజర్ గొట్టం దగ్గర పట్టిన అగరబత్తి పొగ పైకి పోకుండా గదిలోకి తిరిగితే గాలి వచ్చే దారి చాలట్లేదు. అప్పుడు వెంటనే అన్నీ ఆర్పేసి కిటికీలు తెరవండి, సరిచేసే దాకా గీజర్, చిమ్నీ రెండూ కలిపి వాడకండి.